కాలయంత్రం తెరకెక్కితే

సైన్సు నవలను సినిమాగా తియ్యటంలో ఉన్న ఇబ్బంది ఏమిటని అడిగితే నూటికి తొంభైమంది డబ్బే అంటారు. అంతరిక్ష నౌకలు కట్టాలి, రాబోయే యుగాల పట్నాలు కట్టాలి, ట్రిక్కు ఫొటోగ్రఫీ కావాలి, ఇవన్నీ మన నిర్మాతల వల్ల అయ్యే పనులా అంటారు. నేనూ చాలాకాలం ఇదే మాట అన్నాను. క్లాసులో అన్నాను, సభల్లోనూ అన్నాను. 2018లో బాపట్లలో కొందరు కుర్రవాళ్లతో కలిసి ఒక చిన్న సినిమాకు స్క్రీన్ ప్లే రాయబోయి, ఆ మాట ఎంత పైపైదో తెలుసుకున్నాను. ఆ వ్యవహారంలో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టి సిద్ధాంతం మాత్రం రాస్తే పాఠకులను మోసం చేసినట్టవుతుంది గనక రెండూ కలిపే రాస్తున్నాను.

నేను రేపల్లెలో 30 ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. డిగ్రీ చదివింది బాపట్లలో. ఇప్పుడు కాపురం తెనాలిలో. బాపట్ల నుంచి మెయిను లైను మీద తెనాలి రావటం, అక్కడ బండి మారి రేపల్లె పోవటం, ఇదే నా ప్రయాణం. రేపల్లెతో రైలుపట్టాలు అయిపోతాయి. ఇంతకుమించి దేశాలు చూసినవాణ్ణి కాను. కాని 1971లో బాపట్లలో ఒక వేసవి మధ్యాహ్నం 802701వ సంవత్సరం దాకా వెళ్లి వచ్చాను. నన్ను తీసుకుపోయినవాడు హెచ్.జి. వెల్స్. పుస్తకం 1895లో వచ్చిన ‘టైమ్ మెషిన్’. మనవాళ్లు కాలయంత్రం అంటారు. అట్ట ఊడిపోయిన ఆ చిన్న పుస్తకం అప్పటినుంచి నా దగ్గరే ఉంది. లైబ్రరీకి తిరిగి ఇవ్వలేదన్నది వేరే నేరం.

చదవనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. లండన్‌లో ఒకాయన కాలంలో ప్రయాణించే యంత్రం చేసి 8 లక్షల ఏళ్లు ముందుకు పోతాడు. అక్కడ ఎలాయ్‌లనే అందమైన, బలహీనమైన చిన్న మనుషులు కనిపిస్తారు. పని చెయ్యరు, పళ్లు తింటారు, ఆడుకుంటారు. వాళ్లకు విడివిడి ఇళ్లు లేకపోవటం చూసి, ఇది కమ్యూనిజం గావును అనుకుంటాడు ప్రయాణికుడు. ఆ అంచనా ఎంతోకాలం నిలవదు. భూమి అడుగున మోర్లాకులనే పాలిపోయిన జీవులుంటాయి. అవి చీకట్లో యంత్రాలు నడుపుతుంటాయి. అప్పుడాయన ఇంకో అంచనా వేస్తాడు: యజమానుల సంతతి పైన మిగిలింది, కార్మికుల సంతతి కిందికి తొయ్యబడింది, కాలక్రమాన రెండూ రెండు జాతులైపోయాయి. ఇదీ సగమే సరిపోతుంది. చీకటిరాత్రుల్లో మోర్లాకులు పైకి వచ్చి ఎలాయ్‌లను పట్టుకుపోయి తింటాయి. పైవాళ్లు యజమానులు కారు, మేపబడుతున్న పశువులు.

ఇందులో సైన్సు ఎక్కడున్నది? యంత్రంలో లేదు. ఆ యంత్రం దంతంతో, నికెలుతో, స్ఫటికంతో చేసిన ఒక అందమైన అబద్ధం. భౌతికశాస్త్రం చెప్పినవాడిగా ఈ మాట పూచీపడి చెప్పగలను. సైన్సున్నది ఆ ప్రయాణికుడి ఆలోచన నడిచే తీరులో. చూసినదాని మీద ఒక అంచనా వెయ్యటం, కొత్త సాక్ష్యం రాగానే దాన్ని దిద్దుకోవటం, మళ్లీ దిద్దుకోవటం. చివరికి కూడా తను చెప్పేది పొరపాటు కావచ్చునని ఆయన ఒప్పుకుంటాడు. ఒక ప్రయోగశాల పుస్తకాన్ని కథగా రాస్తే ఎట్లా ఉంటుందో ఆ నవల అట్లా ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు శాస్త్రీయ దృక్పథం అంటే ఏమిటో చెప్పవలసివచ్చిన ప్రతిసారీ నేను పాఠ్యపుస్తకం పక్కనబెట్టి ఈ కథే చెప్పేవాణ్ణి.

ఈ పద్ధతి తెరకు లొంగదు. అసలు ఇబ్బంది ఇక్కడున్నదని నా అభిప్రాయం. నవలలో “అప్పుడు నాకలా తోచింది” అని ఒక్క మాట అంటే చాలు, పాఠకుడు ఆ అంచనాను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకుంటాడు. సినిమాలో “తోచింది” అన్న క్రియ లేదు. కెమెరా దేన్ని చూపిస్తే అది జరిగినట్టే. తప్పుడు అంచనాను చూపిస్తే ప్రేక్షకుడు దాన్నీ నమ్ముతాడు, తరవాత కాదంటే తనను మోసగించారనుకుంటాడు. నవల ఊహిస్తుంది, తెర సాక్ష్యం చెబుతుంది. ఊహించటమే ప్రాణంగా గల నవలను సాక్షి బోనులో నిలబెడితే అది నోరు మూసుకుంటుంది. మిగిలేది యంత్రం ఒక్కటే.

వాస్తవిక నవలకు ఈ బాధ ఇంత ఉండదు. తెనాలి మన సంఘం పుట్టిన ఊరు. 1943 ఫిబ్రవరిలో ఇక్కడ జరిగిన మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు గారు అప్పటికే ‘మాలపిల్ల’ (1938)కు మాటలు రాసినవారు. చలం కథను గూడవల్లి రామబ్రహ్మం తీసిన బొమ్మ అది. ఆ బొమ్మలో గుడి, చెరువు, వాడ చూపిస్తే, హాలు బయటికి వచ్చిన ప్రేక్షకుడు తన ఊళ్లో గుడినీ చెరువునూ వాడనూ చూసి ఇది నిజమో కాదో తేల్చుకోగలడు. కావాలంటే పోట్లాడగలడు, ఆ రోజుల్లో పోట్లాడారు కూడా. 802701వ సంవత్సరాన్ని దేనితో పోల్చి చూసుకోవాలి? పోల్చుకోవటానికి ఏమీ లేనప్పుడు ప్రేక్షకుడు తన దగ్గర ముందునుంచీ ఉన్న బొమ్మలనే తెరమీద అతికించుకుంటాడు. మన దగ్గర ముందునుంచీ ఉన్నవి పురాణాలు.

హాలీవుడ్డు వాళ్లు ఈ నవలను 1960లో తీశారు. దర్శకుడు జార్జ్ పాల్. ట్రిక్కు ఫొటోగ్రఫీకి ఆస్కారు బహుమానం వచ్చింది, రావలసిందే. కాలం పరిగెత్తటాన్ని అతను చూపించిన తీరు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఎదురు దుకాణంలో ఆడబొమ్మకు బట్టలు మారిపోతుంటాయి, ఫాషన్లు మారిపోతుంటాయి, అంతే, మనకు ఏళ్లు గడిచినట్టు తెలిసిపోతుంది. డబ్బు కాదు, బుద్ధి పనిచేసింది అక్కడ. కాని మోర్లాకులు ఎట్లా పుట్టారన్న దగ్గరకు వచ్చేసరికి యజమానులూ లేరు, కార్మికులూ లేరు. తూర్పు పడమరల మధ్య వందల ఏళ్ల యుద్ధం జరిగిందట, కొందరు గుహల్లోకి పోయారట, కొందరు ఎండలోకి వచ్చారట. వర్గం మాయమై వైమానిక దాడి సైరను వచ్చింది. మోర్లాకులకు నీలిరంగు పూశారు. నవలలో మంటల్లో పోయిన ఎలాయ్ పిల్ల వీనా సినిమాలో బతికి కథానాయిక అయింది. కథానాయకుడు ఎలాయ్‌లకు పిడికిలి బిగించటం నేర్పాడు, వాళ్లు మోర్లాకులను కొట్టారు, కథ సుఖాంతం. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో అమెరికాలో ఇంతకంటే వేరుగా తీస్తారని ఆశించటం అత్యాశే గాని, నేను చెప్పదలుచుకున్నది అది కాదు. ఆ మార్పును బలవంతాన ఎవరూ చేయించి ఉండనక్కర్లేదు. తెర తనంతట తనే అటు మొగ్గుతుంది. యుద్ధాన్ని చూపించటం తేలిక. వర్గాన్ని చూపించాలంటే దాని వెనక ఒక వాదం నడవాలి.

రచయితే దగ్గరుండి రాసుకుంటే ఈ నష్టం జరగదనే భ్రమ ఒకటుంది. 1936లో ‘థింగ్స్ టు కమ్’ సినిమాకు వెల్సే స్వయంగా స్క్రీన్ ప్లే రాశాడు. పట్నాలు అద్భుతంగా వచ్చాయి. మనుషులు మాత్రం ఒకరికొకరు ఉపన్యాసాలిచ్చుకున్నారు. ఇటు సోవియట్ దేశంలో తర్కోవ్‌స్కీ 1972లో తీసిన ‘సొలారిస్’ గొప్ప సినిమా. అయినా నవల రాసిన లెమ్‌కు అది నచ్చలేదు. గ్రహాంతర సముద్రాన్ని గురించి తను రాస్తే, దర్శకుడు మనిషి అంతరాత్మను గురించి తీశాడని ఆయన బాధ. ఇద్దరూ మహానుభావులే, ఇద్దరి మాటా నిజమే. తెలియనిది తెలియనిదిగానే ఉండిపోవటం లెమ్‌కు కావాలి; తర్కోవ్‌స్కీ కెమెరాకు ముఖం కావాలి.

ఈ ముఖం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక మన సంగతి. తెలుగులో సైన్సు నవలలు లేకపోలేదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘యుగాంతం’, ‘చీకట్లో సూర్యుడు’ వేలమంది చదివారు. ఆయన నవలల్లోంచే ‘అభిలాష’ (1983), ‘ఛాలెంజ్’ (1984), ‘రాక్షసుడు’ (1986) సినిమాలై ఆడాయి. సూర్యుడూ యుగాంతమూ మాత్రం అచ్చులోనే ఉండిపోయాయి. కారణం మళ్లీ డబ్బే అంటారు. కాదనను. కాని పైన చెప్పిన మూడింటిలో ఒక మనిషి ఒక మనిషితో పోరాడతాడు. సైన్సు నవలలో మనిషి ఒక ప్రశ్నతో పోరాడాలి. ప్రశ్నకు వేషం వెయ్యటం ఏ మేకప్పు మనిషికీ చేతకాదు.

తెలుగు తెరమీద కాలయంత్రం 1991లో దిగింది, ‘ఆదిత్య 369’ రూపంలో. కాలేజీలో చదివిన వెల్స్ నవలే తనకు ప్రేరణ అని దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారే చెప్పారు. ఆయన కె.వి. రెడ్డి దగ్గర ‘మాయాబజార్’ (1957)కు సహాయకుడిగా పనిచేసినవారు. ఆ మాయాబజార్ తీసిన విజయా సంస్థకు ఒక స్తంభం మా తెనాలి చక్రపాణి. ఈ వంశవృక్షం గొప్పకోసం చెప్పటం లేదు. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె ఉన్నది. మూత తెరిస్తే ప్రియమైనవాళ్లు కనిపిస్తారు. ఇవాళ ప్రతి జేబులో ఉన్నదదే. సత్యపీఠం ఉన్నది. దానిమీద కాలుపెడితే శకుని అంతటివాడు కూడా నిజం చెప్పెయ్యవలసిందే. ఈ రెండిటినీ గురించి హాల్లో ఒక్కరూ “ఎట్లా పనిచేస్తుంది?” అని అడగలేదు. దేవుడు ఇచ్చాడు గనక పనిచేస్తుంది. అద్భుతాన్ని నమ్మించటంలో మన తెరకు ఉన్న నేర్పు మరెవరికీ లేదు. ఆ నేర్పే సైన్సు కథకు అడ్డుపడుతుంది. అడగవలసిన చోట ప్రేక్షకుడు చేతులు జోడిస్తాడు.

సింగీతం వారు ఈ అడ్డును తెలివిగా తప్పించారు. వెల్స్ యాత్రికుడు మనుషుల గతంలోకి ఎన్నడూ పోలేదు. ‘ఆదిత్య 369’ శ్రీకృష్ణదేవరాయల కాలానికి పోయింది. ఆ కాలం మన ప్రేక్షకుడికి బాగా తెలిసిన పేట. రాయలవారు, భువనవిజయం, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్. తెనాలిలో ఆ బొమ్మ చూసినప్పుడు రామకృష్ణుడు కనబడగానే మావాళ్లు చేసిన గోల నాకు గుర్తుంది. సొంత ఊరివాణ్ణి రైల్వే స్టేషన్లో చూసినట్టు ఉప్పొంగిపోయారు. యంత్రం కొత్తది, చేరిన చోటు పాతది, అందుకని జనం భయపడలేదు. అది మంచి సినిమా. నాకు ఇష్టమైన సినిమా. అయితే 2504వ సంవత్సరానికి వెళ్లినప్పుడు అణుధార్మికత వల్ల మనుషులు భూమి అడుగున బతుకుతుంటారు. వెల్స్ నవలలో భూగర్భం ఒక వర్గానిది. ఇక్కడ అందరిదీ. భూగర్భం మిగిలింది, ఎవర్ని ఎవరు అక్కడికి తోశారన్న ప్రశ్న మాత్రం జారిపోయింది. ఆ రాత్రి రేపల్లె బండిలో నాతో వచ్చిన పదకొండుమంది పదో తరగతి పిల్లలు దారిపొడుగునా ఆ యంత్రాన్ని గురించి పోట్లాడుకున్నారు. కింద బతికేవాళ్లను గురించి ఎవరూ అడగలేదు. మాస్టర్ని, నేనూ అడగలేదు.

కాలక్రమం తప్పినా ‘కల్కి 2898 ఏడీ’ (2024) మాట ఇక్కడే చెప్పేస్తాను. దానికీ సింగీతం వారి సలహా ఉన్నది. అందులో పైన కాంప్లెక్స్ అనే నగరం, సర్వ భోగాలూ అక్కడ. కింద ఎండిపోయిన కాశీ, తిండికీ నీళ్లకీ కొట్టుకునే జనం. ఇంత స్పష్టంగా వర్గ చిత్రాన్ని పెద్ద తెలుగు సినిమా ఏదీ కట్టలేదు. చూస్తూ నేను కుర్చీలో ముందుకు జరిగాను. తరవాత అశ్వత్థామ వచ్చాడు, అవతారం రాబోతున్నదన్నారు, నేను మళ్లీ వెనక్కు వాలాను. వందల కోట్లు పెట్టి అడిగిన ప్రశ్నకు జవాబు భారతంలో ముందే రాసి ఉందన్నారు. డబ్బే ఇబ్బంది అన్నవాళ్లకు ఇంతకన్న రుజువు ఏం కావాలి? డబ్బు వచ్చింది. ఇబ్బంది ఉన్నచోటే ఉన్నది.

ఇంత నిష్ఠూరంగా మాట్లాడటానికి నాకున్న అర్హత ఏమిటో ఇప్పుడు చెబుతాను.

2018లో బాపట్లలో డిగ్రీ చదివే ఏడుగురు కుర్రవాళ్లు నా దగ్గరికి వచ్చారు. ‘కాలయంత్రం’ను 40 నిమిషాల సినిమాగా తీస్తాం, మీరు రాసిపెట్టండి మాస్టారూ అన్నారు. ఫోను కెమెరాలు, అద్దెకు తెచ్చే రెండు దీపాలు, తలా కొంత చందా. హక్కుల బాధ లేదు; వెల్స్ 1946లో పోయాడు, మన చట్టం ప్రకారం ఉండే 60 ఏళ్ల గడువు 2006తో తీరింది. కథ లండన్‌లో కాదు, మన సముద్రపు ఒడ్డున జరగాలన్నాను. వాళ్లు సంబరపడ్డారు. ఎలాయ్‌లకు సూర్యలంక ఇసుక, సరుగుడు తోటలు. మోర్లాకులకు భూగర్భం కావాలి గదా? అక్కడ మొదటి దెబ్బ తగిలింది. మా డెల్టాలో భూగర్భం లేదు. రేపల్లె దిగువన రెండు బారలు తవ్వితే ఉప్పునీళ్లు ఊరతాయి. నేలమాళిగ అన్నమాట మా తాతముత్తాతలు కథల్లో విన్నదే గాని కట్టినది లేదు. మరి మా దేశంలో ‘కింద’ అంటే ఏది? మూడు రోజులు ఆలోచించాం. మూతబడ్డ రైసు మిల్లు అన్నాడొకడు. నిజాంపట్నంలో ఐసు ఫ్యాక్టరీ అన్నాడొకడు. కెమెరా పట్టే కుర్రవాడు, ఎప్పుడూ ఎక్కువగా మాట్లాడనివాడు, “రాత్రే మాస్టారూ, మన దగ్గర కింద అంటే రాత్రే” అన్నాడు.

వాడిది నిజాంపట్నం వైపు ఊరు. వాళ్ల నాన్న రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా. చెరువులో నాచు పగలు ప్రాణవాయువు వదులుతుంది, రాత్రి తనే పీలుస్తుంది. తెల్లవారుజామునకు నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. అందుకని రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే క్షణాల మీద జనరేటరు వెయ్యాలి. కాపలావాడు కునుకు తీస్తే పంట మొత్తం తేలిపోతుంది. ఈ సంగతి వాడు చెప్పగానే నాకు ఒళ్లు పులకరించింది. ఇదే మోర్లాకుల లోకం! చీకటి, యంత్రాల చప్పుడు, నిద్రలేని మనుషులు. వెల్స్ దొరికాడనుకున్నాను. నాలుగు రోజుల్లో స్క్రీన్ ప్లే రాసేశాను. పైవాళ్లు పగటి మనుషులు, కిందివాళ్లు రాత్రి మనుషులు. రాత్రి మనుషులు చెరువు గట్ల వెంబడి పాకుతూ వచ్చి పగటి మనుషులను ఎత్తుకుపోతారు.

చదివి వినిపించిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఒకడు మోర్లాకులకు ఒంటికి మసి పూద్దామన్నాడు. నవలలో వాళ్లు పాలిపోయిన తెలుపు, ఆ మాట నేను గుర్తుచేశాను. “తెల్లగా ఉంటే జనం భయపడరు మాస్టారూ” అన్నాడు వాడు. నిజమే. మన తెరమీద రాక్షసుడి రంగు ఏమిటో మనకు తెలుసు. అప్పుడు కెమెరా కుర్రవాడు అడిగాడు:

“రాత్రంతా మేలుకునే మా నాన్నను మనుషుల్ని తినేవాడిగా చూపిస్తామా మాస్టారూ?”

“మీ నాన్న కాదయ్యా, అది ఒక ఊహ. వాళ్లనట్లా చేసింది పైవాళ్లే. నవల్లో అదంతా ఉంది గదా” అన్నాను.

“నవల్లో ఉండొచ్చండీ. బొమ్మలో మా చెరువే గదా కనపడేది.”

నేను ఇంతసేపూ చెప్పిన సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. నవల ఊహిస్తుంది, తెర సాక్ష్యం చెబుతుంది. నా స్క్రీన్ ప్లే వాడి తండ్రి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పబోతున్నది. ఆ క్షణాన అది నాకు తట్టలేదు. తట్టకపోగా విసుగు వచ్చింది. కళను కళగా చూడటం నేర్చుకోవాలని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అందరూ ఇబ్బందిపడుతుంటే, సరే, గొడవ ఎందుకని, అక్కడికక్కడే పెన్ను తీసి మార్చేశాను. మోర్లాకులు మనుషుల సంతతి కాదు, వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్లు. చెరువులు కొట్టేశాను. కాపలా కొట్టేశాను. గంటలో సర్వజనామోదం. అమెరికాలో స్టూడియో చేసిందని నేను 30 ఏళ్లు ఎద్దేవా చేసిన పని, ఏ స్టూడియో అడగకుండానే, బాపట్లలో ఒక ఇంటి వసారాలో కూర్చుని నేను చేశాను. కెమెరా కుర్రవాడు ఏమీ అనలేదు. దీపాలు అద్దెకు తెచ్చిన రసీదు నా చేతిలో పెట్టి, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. ఆ తరవాత మూడు ఆదివారాలు రాలేదు.

మూడో ఆదివారం రాత్రి తెనాలిలో ఆ అట్టలేని పుస్తకం మళ్లీ తీశాను. ఎన్నోసారో లెక్కలేదు. ఈసారి మోర్లాకులు వచ్చే పేజీలు మాత్రమే చదివాను. 47 ఏళ్లుగా నాకు కనబడనిది కనబడింది. మోర్లాకులు ఆ పుస్తకంలో ఒక్క మాట మాట్లాడరు. గుసగుసలున్నాయి, చేతులున్నాయి, మెరిసే కళ్లున్నాయి. మాట లేదు. ఎలాయ్‌ల భాషను నాలుగు మాటలైనా నేర్చుకున్న ప్రయాణికుడు, మోర్లాకుల దగ్గర అగ్గిపుల్ల గీశాడు, ఇనప కడ్డీ ఎత్తాడు. ఒకణ్ణయినా చంపాలని చేతులు దురదపెట్టాయని కూడా చెబుతాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. అన్ని అంచనాలు దిద్దుకున్న ఆ శాస్త్రజ్ఞుడు ఈ ఒక్క భయాన్ని మాత్రం దిద్దుకోలేదు. వర్గాన్ని చూడగలిగిన వెల్స్, కింది వర్గం నోరు విప్పితే ఏమంటుందో ఊహించలేకపోయాడు. నేనూ ఆ పెద్దమనిషి యంత్రం మీదే, ఆయన వెనక సీటులో కూర్చుని ఇన్నేళ్లూ ప్రయాణం చేశాను.

మాయాబజార్ మీద పైన నేనన్న మాటను ఇక్కడ కొంత సవరించుకోవాలి. పురాణం మన తెరకు అడ్డుపడుతుందన్నాను. కాని ఘటోత్కచుడినీ వాడి పరివారాన్నీ మనం ఎందుకు ప్రేమించాం? వాళ్లు మాట్లాడతారు. పింగళి వారు రాక్షసులకు ప్రత్యేకంగా భాష పుట్టించి ఇచ్చారు. వాళ్లు మాటలు నేర్చుకుంటారు, తప్పులు పలుకుతారు, వాటిమీద తగవులాడుకుంటారు. 1895లో వెల్స్ చెయ్యలేని పని 1957లో పింగళి నాగేంద్రరావు చేశారు. ఇది నాకు ముందే తట్టి ఉంటే ఆ వసారాలో పెన్ను వేరేగా నడిచేది.

మర్నాడు రేపల్లె బండెక్కి, అక్కణ్ణుంచి బస్సులో వాళ్ల ఊరికి పోయాను. ఆ రాత్రి వాడు నన్ను చెరువు దగ్గరికి తీసుకుపోయాడు. గట్టు ఎక్కబోతుంటే చీకట్లోంచి ఒక గొంతు గట్టిగా “ఆగండి, చెప్పులక్కడ ఇప్పి ఆ తొట్లో కాళ్లు ముంచి రండి” అన్నది. వాడి తండ్రి. బయటివాళ్ల కాళ్లతో చెరువుకు జబ్బులొస్తాయట. నేను మాస్టర్నని తెలిశాక కూడా మినహాయింపు ఇవ్వలేదు. ఒక పాక, ఒక బల్బు, నులక మంచం. పది చక్రాలు నీళ్లను బాదుతున్న చప్పుడులో మాట వినపడాలంటే దగ్గరగా జరగాలి. ఆయన చెక్ ట్రే పైకి లాగి రొయ్యలు మేత తిన్నాయో లేదో దీపంతో చూసి మళ్లీ వదిలాడు. నవల కథ నేను చెప్పాను. మొత్తం విన్నాడు. విని, “మేపేది నేను, తినేవాళ్లు అమెరికాలో ఉన్నారు. మీ పుస్తకంలో ఏందండీ తిరగేసి ఉంది?” అన్నాడు.

జవాబు చెప్పటానికి నాకు చాలాసేపు పట్టింది. అట్లా తిరగేసి చూడటం వెల్స్‌లో ఒక పెద్దమనిషి భయమని, కిందివాళ్లు ఎప్పుడో ఒకనాడు తమను తినేస్తారని ఆ కాలపు పైవాళ్లకు లోపల గుబులు ఉండేదని, ఏదో చెప్పాను. ఆయన తల ఊపి జనరేటరులో డీజిలు చూడటానికి వెళ్లాడు.

కొత్త స్క్రీన్ ప్లే ఆ వారమే మొదలుపెట్టాం. ఈసారి నేనూ వాడూ కలిసి. కథ యంత్రంలో మొదలుకాదు, చెరువు గట్టుమీద మొదలవుతుంది. రాత్రి మూడు గంటల వేళ ఎక్కణ్ణుంచో ఒక యంత్రం వచ్చి దిగుతుంది. అందులోంచి దిగినవాడు భయపడి అగ్గిపుల్ల గీస్తాడు. అప్పుడు గట్టుమీది మనిషి మాట్లాడతాడు. పదకొండు నిమిషాలు తీశాం. తరవాత పరీక్షలు వచ్చాయి, ఏడుగురూ ఏడు ఊళ్లకు పోయారు, ఆ పైన 2020లో లాక్‌డౌను వచ్చింది. కెమెరా కుర్రవాడు ఇప్పుడు హైదరాబాదులో సినిమాలకు గ్రాఫిక్సు చేసే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాడు. రాత్రి షిఫ్టు. పెద్ద పెద్ద సైన్సు సినిమాల్లో ఆకాశాలు, పట్నాలు అట్లాంటి గదుల్లో రాత్రిళ్లు తయారవుతాయని వాడు చెబితే తెలిసింది.

మిగతా భాగం రాయటం ఆపలేదు. ఫోనులోనే పోట్లాడుకుంటూ రాస్తున్నాం. తగువంతా మొదటి మాట దగ్గరే. కాలయాత్రికుణ్ణి చూసిన ఆ కాపలా మనిషి మొట్టమొదట ఏమంటాడు? ఆకలి గురించి, కూలి గురించి, వేల ఏళ్ల నిద్ర గురించి నేను ఆరు రకాలుగా రాసి పంపాను. ఆరూ వాడు తిప్పికొట్టాడు. “మా నాన్న అట్లా అనడు మాస్టారూ. యంత్రంలోంచి దిగినా, దేవలోకం నుంచి దిగినా ముందు చెప్పులిప్పి కాళ్లు ముంచి రమ్మంటాడు” అన్నాడు మొన్న.